సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు, గేర్లలో జర్కులు, ఒక బ్లూటూత్ స్కానర్: వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, కారు కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లనీ, సెన్సర్ల అంకెలనీ ఫోన్‌లో చూపించే ఈ స్కానర్ తగిలించగానే గేర్‌బాక్స్‌లో ఏం పాడైందో అదే చెప్పేస్తుందని ఆశపడేవాళ్లు దీని జోలికి వెళ్లకండి, డబ్బు దండగ. ఏం వెతకాలో మీకు కొంచెం తెలిసుండి, దానికి జవాబు అంకెల్లో కావాలనుకుంటే మాత్రం ఇంత చిన్న డబ్బా ఇంత పని చేస్తుందా అనిపిస్తుంది.

మా తమ్ముడు ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు తీసుకున్నాడు, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల రకం. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఒక్కసారి ఆర్పీఎం పైకి లేచి, ఇంజన్ అరిచి, ఆ తర్వాత గేరు పడేది. వేడెక్కాక ఇంకో గోల, అరవై డెబ్బై స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే బండి మొత్తం సన్నగా వణికేది. అమ్మినాయన "ఆయిల్ మారిస్తే పోతుంది" అన్నాడు, చూపించిన వర్క్‌షాప్‌లో బండి నడపకుండానే "గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకోవడానికే స్కానర్ తీసుకున్నాం.

బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు, ఇదే డబ్బా మీద స్టిక్కరు ఒక్కటే మార్చి రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, ఇవాళ ఉన్న పేరు రేపు ఉండదు. లోపల ఉండేది ఈఎల్‌ఎం327 అనే చిప్‌కి నకలు. అసలు చిప్ చేసింది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్, మొదటి వెర్షన్‌కి కాపీ కొట్టకుండా రక్షణ పెట్టకపోవడంతో ప్రపంచమంతా నకళ్లు వచ్చిపడ్డాయి, ఆ కంపెనీ 2022లో మూతపడింది కూడా. చాలా డబ్బాల మీద 1.5 వెర్షన్ అని గొప్పగా అచ్చేసి ఉంటుంది, అసలు కంపెనీ ఆ నంబరుతో ఈ చిప్‌ని ఎప్పుడూ విడుదలే చేయలేదు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం అంటే ఇదే. నకలైనంత మాత్రాన పారేయక్కర్లేదు, కానీ గేర్‌బాక్స్ డేటా చదవాలంటే పొడవైన మెసేజ్‌లు పంపడం, అందుకోవడం చిప్‌కి రావాలి, నాసిరకం నకళ్లు అక్కడే చేతులెత్తేస్తాయి. చిప్‌కి ఏ కమాండ్లు అర్థమవుతాయో పరీక్షించి చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి, కొన్న రోజే అందులో పెట్టి చూసి, ఫెయిలైతే తిప్పి పంపేయండి. నాది పాసైంది, అందుకే ఈ రివ్యూ ఇంత పొడుగు ఉంది.

తగిలించడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. స్టీరింగ్ కింద, డాష్‌బోర్డ్ అడుగున పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అమెరికాలో 1996 మోడల్ నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి ఇది తప్పనిసరి. గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌తో జత చేస్తే అయిపోతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు మాత్రం చూసి కొనండి, మామూలు పాత రకం బ్లూటూత్ అడాప్టర్ ఐఫోన్‌లో పనిచేయదు, వైఫై రకం గానీ బ్లూటూత్ ఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్) రకం గానీ కావాలి. అమ్మే పేజీలో ఈ మాట ఎక్కడో అడుగున ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఈ స్కానర్లు అమ్మేవాళ్లు "అన్ని కార్లకీ పనిచేస్తుంది" అంటారు, అది అబద్ధం కాదు, కానీ ఆ మాట ఇంజన్ వరకే. చట్ట ప్రకారం అందరూ చదవగలిగేలా ఉంచాల్సింది పొగకి సంబంధించిన సమాచారం. గేర్‌బాక్స్‌కి చాలా కార్లలో విడిగా ఒక కంప్యూటర్ ఉంటుంది, దాని కోడ్లు, దాని సెన్సర్ల అంకెలు కంపెనీకో తీరుగా ఉంటాయి. స్కానర్‌తో పాటు వచ్చిన ఉచిత యాప్‌లో చూస్తే మాకు పీ0700 అని ఒకే ఒక్క కోడ్ వచ్చింది. దీని అర్థం "గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో తప్పు రాసుకుంది, లైట్ వెలిగించమని ఇంజన్ కంప్యూటర్‌ని అడిగింది" అని, అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఇది చూసి గేర్‌బాక్స్ పోయిందని నిర్ధారించేవాళ్లని చూశాను. కారు కంపెనీకి తగిన ప్యాక్ ఉన్న ఇంకో యాప్‌కి విడిగా డబ్బు కట్టాక గానీ లోపలి కోడ్ కనబడలేదు, అది పీ0741, దాని సంగతి కింద చెబుతాను. కాబట్టి కొనే ముందు "నా కారుకి పనిచేస్తుందా" అని అడగొద్దు, "నా కారు గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడుతుందా, ఆయిల్ వేడి, టర్బైన్ స్పీడు (గేర్‌బాక్స్‌లోకి వెళ్లే స్పీడు) చూపిస్తుందా" అని అడగండి. అవునని తేలకపోతే మీరు కొనేది ఇంజన్ స్కానర్ అనుకోండి, అంతే.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఇంజన్ స్కానర్ అయినా సరే ఒక విషయంలో డబ్బుకి సరిపడా పనికొస్తుంది. కోడ్లు చెరిపేసిన తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నిసార్లు ఇంజన్ వేడెక్కింది అని రెండు అంకెలు చాలా కార్లలో ఉంటాయి, వీటిని దాదాపు ఏ యాప్ అయినా చూపిస్తుంది. కిలోమీటర్లు పది, ఇరవై అని కనబడితే, బండి చూపించే ముందు ఎవరో కోడ్లు తుడిచేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. దాంతో పాటు రెడీనెస్ మానిటర్లు (పొగకి సంబంధించి కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు) అని ఇంకో తెర ఉంటుంది, అందులో చాలావరకు "పూర్తి కాలేదు" అని ఉంటే అదే కథ. అవి గేర్‌బాక్స్ పరీక్షలు కావు, ఆ సంగతి మర్చిపోవద్దు, కానీ ఎవరో ఈ మధ్యే చీపురు పట్టారని మాత్రం చెబుతాయి. అమెరికా నిబంధనల ప్రకారం 2010 నుంచి వచ్చిన కార్లలో పర్మనెంట్ కోడ్లు అని ఒక జాబితా ఉంటుంది, స్కానర్‌తో చెరిపినా అవి పోవు, తప్పు నిజంగా పోయిందని కారే పరీక్షించుకుని తృప్తిపడ్డాక చెరుపుకుంటుంది. అమ్మేవాళ్లు "సర్వీసింగ్‌లో బ్యాటరీ మార్చాం అండీ" అంటే అది నిజమే కావచ్చు కూడా, పోట్లాడక్కర్లేదు, ఇంకో వారం తిరిగాక మళ్లీ చూస్తానని చెప్పి వాళ్ల మొహం చూడండి.

కోడ్ల కన్నా నాకు పనికొచ్చింది లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా అంకెలు మారుతూ కనబడే తెర. ఇక్కడ యాప్ మిమ్మల్ని రెచ్చగొడుతుంది, వందల అంకెలు ఎంచుకోవచ్చని. ఎంచుకోకండి. అడాప్టర్ ఒక్కో అంకెని విడివిడిగా అడిగి తెచ్చుకుంటుంది, ఇరవై పెడితే తెర రెండేసి సెకన్లకొకసారి కదులుతుంది, గేరు మారడం ఒక సెకను లోపే అయిపోతుంది, ఇంక మీకు ఏం కనబడుతుంది. నేను పెట్టుకున్నవి ఇంజన్ ఆర్పీఎం, టర్బైన్ ఆర్పీఎం, అవుట్‌పుట్ షాఫ్ట్ స్పీడు, కంప్యూటర్ ఏ గేరు అడిగింది, లాకప్ క్లచ్ (ఇంజన్‌నీ టర్బైన్‌నీ కలిపి పట్టే, కన్వర్టర్ లోపలి క్లచ్) పట్టిందా లేదా, ఆయిల్ వేడి. అదనంగా యాక్సిలరేటర్ ఎంత నొక్కామన్నది ఉంటే తర్వాత గ్రాఫ్ చదవడం తేలికవుతుంది. బండి తమ్ముడు నడిపాడు, ఫోన్ నా చేతిలో ఉంది. నడిపేవాళ్లు తెర చూడొద్దు, అన్నీ రికార్డ్ అవుతాయి, బండి ఆపాక చూసుకోవచ్చు.

ఈ మూడు స్పీడ్లని ఎలా చదవాలో తెలిస్తే సగం పని అయినట్టే. ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, దాని అవతలి వైపు తిరిగేది టర్బైన్, అదే గేర్‌బాక్స్‌లోకి వెళ్లే స్పీడు. దాన్ని అవుట్‌పుట్ స్పీడుతో భాగిస్తే ఆ గేరు నిష్పత్తి రావాలి. ఉదాహరణకి గేర్‌బాక్సులు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీ వాళ్ల ఆరు గేర్ల 6హెచ్‌పీ రకంలో మూడో గేరు నిష్పత్తి 1.52. అవుట్‌పుట్ 1500 ఉంటే టర్బైన్ 2280 దగ్గర ఉండాలి. మూడో గేరు పూర్తిగా పడి, స్పీడు నిలకడగా ఉండగా 2450 చూపిస్తోందంటే లోపల క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. పీ0733 లాంటి "గేరు నిష్పత్తి తప్పు" కోడ్లు వచ్చేది ఈ లెక్క తప్పినప్పుడే, కంప్యూటర్ చేసే భాగహారాన్నే మనమూ చేస్తున్నాం. సెన్సర్ ఒకటి తిక్కగా ఉన్నా ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, అన్ని గేర్లలోనూ నిష్పత్తి తేడాగా వస్తుంటే ముందు సెన్సర్లని అనుమానించండి, ఒకే గేరులో తేడా వస్తుంటే ఆ గేరుని పట్టే క్లచ్ వైపు చూడండి.

చల్లగా ఉన్నప్పుడు అరిచే సంగతి గ్రాఫ్‌లో స్పష్టంగా దొరికింది. గేరు పైకి మారేటప్పుడు టర్బైన్ స్పీడు కిందకి దిగాలి. మా గ్రాఫ్‌లో రెండు నుంచి మూడుకి వెళ్లే చోట ఇంజన్‌తో పాటు టర్బైన్ కూడా ముందు పైకి లేచి, ఆ తర్వాత దిగింది. అంటే రెండో గేరు వదిలేశాక మూడో గేరు క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటోంది, మధ్యలో కాసేపు న్యూట్రల్‌లో ఉన్నట్టు. టర్బైన్ దిగిపోయి ఇంజన్ ఒక్కటే లేచి ఉంటే కథ వేరుగా ఉండేది, కన్వర్టర్ వైపు చూడాల్సి వచ్చేది. ఈ ఒక్క తేడా చెవితో గానీ, డాష్‌బోర్డ్ మీటరుతో గానీ పట్టుకోలేం. ఇంకో సంగతి, అది చల్లగా ఉన్నప్పుడే జరుగుతోంది, ఆ ఒక్క మార్పు దగ్గరే జరుగుతోంది. అన్ని గేర్లూ దబ్‌మని పడుతుంటే ఆయిల్ ప్రెషర్ మొత్తాన్నీ నడిపే సోలెనాయిడ్‌నో (కరెంటుతో తెరుచుకునే, మూసుకునే వాల్వ్), ఇంజన్ మీద ఎంత బరువు పడుతోందో తప్పుగా చెప్పే సెన్సర్‌నో, లేదా బాక్స్ తనని తాను కాపాడుకునే లింప్ మోడ్‌నో అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే జారుడుకి ఆయిల్ తక్కువ కావడం, సీళ్లు గట్టిపడడం, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో మళ్లించే వాల్వుల దిమ్మ) ఏదో బిగుసుకోవడం ముందు వరసలో ఉంటాయి. వేడెక్కాక మాత్రమే వచ్చేదానికి ప్రెషర్ ఎక్కడో కారిపోవడం, వేడికి మొరాయించే సోలెనాయిడ్ కారణాలవుతాయి. మెకానిక్‌కి "జర్క్ ఇస్తోంది" అని చెప్పడానికీ, "చల్లగా ఉన్నప్పుడు, రెండు నుంచి మూడుకి, తేలికపాటి యాక్సిలరేటర్ మీద, టర్బైన్ ముందు పైకి లేస్తోంది" అని చెప్పడానికీ ఆయన మనతో మాట్లాడే తీరే మారిపోతుంది.

వణుకు సంగతికొస్తే, అది ఇంకా ఆసక్తిగా తేలింది. ఒక స్పీడు దాటాక కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పట్టుకుని ఇంజన్‌నీ టర్బైన్‌నీ ఒకటిగా తిప్పుతుంది, అప్పుడు రెండిటి మధ్య తేడా సున్నా దగ్గర, కొన్ని బాక్సుల్లో కావాలనే వదిలే కొద్దిపాటి జారుడు దగ్గర నిలకడగా ఉండాలి. మా దాంట్లో వణుకు వచ్చిన ప్రతిసారీ ఆ తేడా 30 నుంచి 120 ఆర్పీఎం మధ్య ఊగుతూ కనబడింది. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం. అది వణుకు కాక ఇంకేమవుతుంది. స్కానర్ లేకపోయినా చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది, ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రమే తాకండి. బ్రేక్ లైట్ స్విచ్ ఆన్ కాగానే చాలా కార్లలో లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగితే లాకప్పే కారణం. ఆగకపోతే ఇంజన్ మిస్‌ఫైర్, టైర్లు, డ్రైవ్ షాఫ్టులు వరసగా చూసుకోవాలి. స్పార్క్ ప్లగ్గో కాయిలో పోయి ఇంజన్ మిస్ కొడుతుంటే అచ్చం గేర్‌బాక్స్ వణుకులాగే ఉంటుంది, అది తెలియక గేర్‌బాక్స్ దించేసినవాళ్లు ఉన్నారు, మిస్‌ఫైర్ లెక్క చూపించే తెర యాప్‌లో ఉంటే ముందు అది చూడండి.

ఇక్కడ పీ0741 గురించి ఒక మాట. ఇది లాకప్ క్లచ్ అనుకున్నట్టు పట్టడం లేదని మాత్రమే చెబుతుంది, ఎందుకు పట్టడం లేదో చెప్పదు. ఆయిల్ పాతబడినా, సోలెనాయిడ్ మొరాయించినా, వాల్వ్ అరిగినా, కన్వర్టర్ లోపలి లైనింగ్ పోయినా ఇదే కోడ్. అదే పీ0743 వస్తే అది కరెంటు సర్క్యూట్ తప్పు, వైరింగో కనెక్టరో సోలెనాయిడ్ కాయిలో, మల్టీమీటర్‌తో తేలిపోయే పని. షిఫ్ట్ సోలెనాయిడ్లకి కూడా ఇదే తీరు, పీ0751 అంటే పని సరిగ్గా లేదని, పీ0753 అంటే కరెంటు తప్పు అని. కరెంటు కోడ్ వస్తే నేనైతే ఊపిరి పీల్చుకుంటాను, చాలాసార్లు చవగ్గా పోయే జబ్బు అది. పని సరిగ్గా లేదనే కోడ్ వచ్చినప్పుడు సోలెనాయిడ్ ఒక్కటి మార్చేసి చేతులు దులుపుకునే మెకానిక్ దగ్గర జాగ్రత్త.

స్కానర్ వల్ల నాకు దొరికిన అసలైన లాభం ఆయిల్ వేడి అంకె. ఇప్పటి చాలా బాక్సులకి డిప్‌స్టిక్ ఉండదు, బండిని మట్టంగా లేపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు పక్క ప్లగ్ తీసి చూడాలి, సన్నగా కారితే సరిపోయినట్టు. జెడ్‌ఎఫ్ ఆరు గేర్ల బాక్సులకి ఆ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య, మీ బాక్స్‌కి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ వేడి దాటాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి, తక్కువ ఉన్నా సరిపోయినట్టు కనబడుతుంది. చాలాచోట్ల చేత్తో సంపు (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) తాకి "వెచ్చగా ఉంది, చాలు" అంటారు. మేం అంకె చూస్తూ తీయించాం, ఒక్క చుక్క రాలేదు. సంపు గాస్కెట్ దగ్గర తడి కనబడింది, ఎప్పటి నుంచో కొద్దికొద్దిగా కారుతోందన్నమాట. ఆయిల్ నల్లగా ఉంది కానీ మాడిన వాసన లేదు, సంపులోని మాగ్నెట్ మీద బూడిద రంగు మెత్తని ముద్ద ఉంది, మెరిసే లోహపు పెచ్చులు లేవు. మెత్తని ముద్ద మామూలు అరుగుదల, పెచ్చులు కనబడితే మాత్రం వాదన అనవసరం. ఆయిల్ గులాబీ రంగు మజ్జిగలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయని అర్థం, ఆ బండి కొనే ముందే తెలిస్తే వదిలేయండి.

"ఈ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు" అని కారుతో వచ్చిన కాగితంలో ఉన్న మాట గురించి కూడా రాయాలి. కారు కంపెనీలు అలా రాసుకోవచ్చు, గేర్‌బాక్సులు చేసే జెడ్‌ఎఫ్ మాత్రం తన బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమంటుంది. లాకప్ క్లచ్ ఎంత మెత్తగా పట్టాలో నిర్ణయించే పదార్థాలు ఆయిల్‌లోనే ఉంటాయి, అవి అరిగిపోతే ఈ వణుకు వస్తుంది, ప్లేట్లు బాగానే ఉన్నా సరే. పాత బాక్స్‌కి కొత్త ఆయిల్ పోస్తే పోతుందని భయపెట్టేవాళ్లు కూడా ఉంటారు. ప్లేట్లు అప్పటికే కాలిపోయిన బాక్స్ ఎలాగూ పోతుంది, పేరు మాత్రం ఆయిల్‌కి వస్తుంది. నా మట్టుకు నేను మెషీన్ పెట్టి బలంగా తోసే ఫ్లష్ వద్దని, మామూలుగా దించి, ఫిల్టర్ మార్చి, కంపెనీ చెప్పిన గ్రేడే పోయమన్నాను. గ్రేడ్ విషయంలో రాజీ వద్దు, సీవీటీ (విడి గేర్లు లేని రకం ఆటోమేటిక్) ఆయిల్, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ రెండూ ఒకటి కావు, "అన్నిటికీ ఇదే" అనే డబ్బాని నేను నమ్మను.

ఆయిల్, గాస్కెట్, ఫిల్టర్ మార్చాక అదే రోడ్డు మీద, అవే అంకెలు పెట్టుకుని మళ్లీ రికార్డ్ చేశాం. పొద్దుటి అరుపు పోయింది. లాకప్ జారుడు 20 ఆర్పీఎం లోపు నిలకడగా ఉంది, ఎక్కాల్సిన చోట, బరువు ఉన్నప్పుడు మాత్రం అప్పుడప్పుడు కొంచెం ఊగుతోంది. అంటే లైనింగ్ కొంత అరిగే ఉంది, ఎప్పుడో ఒకప్పుడు కన్వర్టర్ పని పడవచ్చు. అమ్మినాయన మాట ముప్పాతిక నిజం, వర్క్‌షాప్ మాట ఇప్పటికి తొందరపాటు. గ్రాఫ్ చూపించకపోతే ఈ మాట ధైర్యంగా చెప్పగలిగేవాణ్ణి కాదు.

యాప్‌లో "అడాప్టేషన్ రీసెట్" అని ఒక బటన్ ఉంటుంది, అందరికీ నొక్కాలనిపిస్తుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ ప్లేట్లు అరిగేకొద్దీ ఎంత ప్రెషర్ ఇవ్వాలో నేర్చుకుంటూ సర్దుకుంటుంది, ఆ నేర్చుకున్నదంతా ఈ బటన్ తుడిచేస్తుంది. అరిగిన బాక్స్‌లో ఆ సర్దుబాటే బండిని నెట్టుకొస్తుంటుంది, తుడిచేశాక ముందుకన్నా ఘోరంగా నడవొచ్చు. ఆయిల్ మార్చాక, వాల్వ్ బాడీ పని చేశాక కంపెనీ చెప్పిన పద్ధతిలో చేస్తే సరే, ఊరికే ఆటకి నొక్కొద్దు. ఈ హెచ్చరిక యాప్ వాళ్లు ఇచ్చి ఉండాల్సింది, ఒక "సరేనా" అని అడిగి ఊరుకుంటుంది.

బ్యాటరీ ఓల్టేజీని చాలామంది పట్టించుకోరు. ఇంజన్ ఆపి ఉండగా 12.5 దగ్గర, నడుస్తుండగా 13.5 పైన కనబడాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక యూ0101 లాంటి కోడ్లు వస్తాయి, అది "గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో సంబంధం తెగింది" అనే కోడ్, పేరు వినగానే టెన్షన్ వస్తుంది, తీరా చూస్తే బ్యాటరీ టెర్మినల్ వదులు. ఎర్త్ వైరు తుప్పు పట్టినా ఇదే. ఇక ఇంజన్ మౌంట్ విరిగి డి లో వేయగానే ఢంగుమని కొట్టడం, గేరు లివర్ పీ లోంచి కదలకపోవడం లాంటివి స్కానర్‌తో తేలవు, రెండోదానికి చాలాసార్లు బ్రేక్ లైట్ స్విచ్ కారణం, బ్రేక్ తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూస్తే చాలు.

ఇదంతా టార్క్ కన్వర్టర్ బాక్స్ కథ. ఏఎంటీ అయితే ఇందులో సగం వర్తించదు, అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చూ గేరూ ఒక యంత్రం మారుస్తుంది, గేరు మారినప్పుడు తల ముందుకి ఊగడం దాని సహజ గుణం, దాన్ని జబ్బనుకుని వెతకొద్దు. డ్యూయల్ క్లచ్‌లో (రెండు క్లచ్‌లు వంతులవారీగా గేర్లు పట్టే రకం) చూడాల్సింది రెండు క్లచ్‌ల వేడి, ముఖ్యంగా ఆయిల్ లేని డ్రై రకం ట్రాఫిక్‌లో పాకుతుంటే వేడెక్కి వణుకుతుంది. సీవీటీలో గేర్లే ఉండవు కాబట్టి అడిగిన నిష్పత్తికీ వచ్చిన నిష్పత్తికీ తేడా చూడాలి, ఆర్పీఎం లేచి బండి లాగకపోవడం కొంతవరకు దాని నడకే, కానీ నిలకడ స్పీడులో ఆర్పీఎం దానంతటది ఊగుతుంటే మంచి సూచన కాదు. ఇవి నేను ఈ స్కానర్‌తో పూర్తిగా పరీక్షించలేదు, కాబట్టి ఆ కార్లకి ఇది ఎంత బాగా పనిచేస్తుందన్న దానికి నా మార్కులు లెక్కలోకి తీసుకోకండి.

ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఉచిత యాప్‌లో సగం పేర్లు అర్థంపర్థం లేని అనువాదాలు, వేడి ఫారెన్‌హీట్‌లో వస్తుంది, మార్చే సెట్టింగ్ ఎక్కడుందో వెతుక్కోవాలి. బ్లూటూత్ మధ్యమధ్యలో తెగుతుంది, సరిగ్గా వణుకు వచ్చిన క్షణంలోనే తెగితే ఒళ్లు మండుతుంది. ఇగ్నిషన్ ఆపినా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి డబ్బాని అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, స్విచ్ లేదు, పీకి జేబులో వేసుకోవాల్సిందే. గ్రాఫ్‌ని ఫైలుగా దించుకునే సదుపాయం డబ్బు కట్టిన యాప్‌లోనే ఉంది, అది లేకపోతే నా దృష్టిలో ఈ పరికరానికి సగం విలువే.

మార్కులు వేయాలంటే, డబ్బాకి ఐదుకి నాలుగు, దాంతో వచ్చిన ఉచిత యాప్‌కి ఒకటి, విడిగా కొన్న యాప్‌కి నాలుగు. సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవాళ్లు, కొన్నాక గేర్లలో తేడా గమనిస్తున్నవాళ్లు, మెకానిక్ చెప్పిందాన్ని అంకెలతో సరిచూసుకోవాలనుకునేవాళ్లు తీసుకోవచ్చు. ఏ అంకె చూసినా భయపడిపోయే స్వభావం ఉంటే వద్దు, రోజుకో కోడ్ వెతుక్కుంటూ కూర్చుంటారు. బాగా కొత్త కారైతే మాత్రం ఒకటి అడిగి తెలుసుకోండి. ఫియట్ క్రైస్లర్ 2018 మోడళ్ల నుంచి సెక్యూరిటీ గేట్‌వే (బయటి పరికరాలని అడ్డుకునే తాళం లాంటిది) పెట్టడం మొదలుపెట్టింది, తర్వాత మరికొన్ని కంపెనీలూ ఆ దారి పట్టాయి, వాటిలో అనుమతి లేని స్కానర్ కోడ్లు చదవగలిగినా చెరపడం, రీసెట్ చేయడం, సోలెనాయిడ్లని ఆడించి చూడడం కుదరదు. అలాంటి కారుకి ఈ డబ్బా కొంటే చూడ్డానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు, ఆ పనులకి అనుమతి ఉన్న స్కానర్ ఉన్నచోటికే వెళ్లాలి.